వేసవిలో చర్మం: చెమటకాయల నుంచి వడదెబ్బ దాకా అపోహలు - వాస్తవాలు

ఏప్రిల్ మొదలయ్యాక విజయవాడలో చర్మవ్యాధుల ఓపీకి వచ్చేవాళ్లలో చాలామంది ఒకే మాటతో మొదలుపెడతారు: “డాక్టర్ గారూ, ఒళ్లంతా వేడి చేసిందండి.” చూస్తే ఒకరికి చెమటకాయలు, ఇంకొకరికి సెగగడ్డ, మరొకరికి గజ్జల్లో తామర. మూడింటికీ కారణాలు వేరు, మందులు వేరు. కానీ దాదాపు అందరూ ఇంట్లో ఏదో ఒకటి పూసుకునే వస్తారు. పౌడరో, నిమ్మరసమో, ఆముదమో, మందుల షాపులో ఇచ్చిన ట్యూబో. వేసవిలో నేను చూసే చర్మ సమస్యల్లో ఎక్కువ భాగం చెమట ఒంటి మీదే ఉండిపోవడం వల్లా, దాని మీద మనం పూసేవాటి వల్లా వచ్చేవే. ఒంటికి గాలి తగలనిచ్చి, పొడిగా ఉంచుకుని, ఎండను తప్పించుకుంటే చాలామందికి మా దాకా వచ్చే అవసరమే ఉండదు. రోజూ నాకు వినపడే నమ్మకాలను ఒక్కొక్కటిగా చెబుతాను.

అపోహ: చెమటకాయలకు పౌడర్ ఎంత దట్టంగా చల్లితే అంత మంచిది.

వాస్తవం: చెమట గ్రంథి నుంచి చర్మం పైకి వచ్చే సన్నని గొట్టం మూసుకుపోతే, చెమట బయటికి రాలేక చర్మం లోపలే నిలిచిపోతుంది. అక్కడ ఎర్రటి పొక్కు లేచి చురచురలాడుతుంది. చెమటకాయ అంటే ఇదే. రామగుండం, కొత్తగూడెం వైపు ఎండ మండిపోయినా గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెమట త్వరగా ఆరిపోతుంది. మచిలీపట్నంలో, కాకినాడలో, మా విజయవాడలో గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆరదు. చర్మం పైపొర నాని, ఉబ్బి, ఆ గొట్టాలను మూసేస్తుంది. అందుకే 38 డిగ్రీలే ఉన్న ఉక్కపోత రోజున కూడా పిల్లల వీపులు పేలిపోతాయి.

తడి ఒంటి మీద చల్లిన పౌడర్ చెమటతో కలిసి మెడ ముడతల్లో, చంకల్లో ముద్దకడుతుంది. అసలు సమస్యే దారి మూసుకుపోవడమైతే, పౌడర్ దాన్ని ఇంకాస్త మూస్తుంది. పసిపిల్లల ముఖం దగ్గర డబ్బా దులిపితే ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం కూడా ఉంది. చల్లటి నీళ్లతో స్నానం చేయించి, మెత్తటి తువ్వాలుతో రుద్దకుండా అద్ది, ఫ్యాన్ కింద కాసేపు ఉంచి, వదులుగా ఉండే పలచటి నూలు బట్ట వేయండి. దురద ఎక్కువగా ఉంటే కాలమైన్ లోషన్ రాయవచ్చు. చాలామందికి కొద్ది రోజుల్లోనే తగ్గిపోతుంది. పొక్కుల్లో చీము కనిపించినా, జ్వరం వచ్చినా మాత్రం డాక్టర్‌కు చూపించాలి.

బాలింత గదిలో కిటికీలు మూసేసి, ఫ్యాన్ కూడా వేయనివ్వని ఇళ్లు ఇంకా ఉన్నాయి. బిడ్డకు నూనె పట్టించి, టోపీ పెట్టి, గుడ్డల్లో చుట్టి మే నెలలో మా దగ్గరికి తీసుకొస్తారు. ఆ బిడ్డ ఒళ్లంతా పేలిపోయి ఉంటుంది. అమ్మమ్మలకు, నాయనమ్మలకు నేను చెప్పేది ఒకటే: ఈ రెండు నెలలు నూనె తగ్గించండి, కిటికీ తెరవండి, ఫ్యాన్ వేయండి. గాలి సూటిగా ముఖానికి కొట్టకుండా చూసుకుంటే చాలు.

అపోహ: మామిడిపండ్లు తింటే వేడి చేసి సెగగడ్డలు వస్తాయి.

వాస్తవం: సెగగడ్డలకు కారణం స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా. చాలామంది ముక్కులో, చర్మం మీద ఇది మామూలుగానే ఉంటుంది. చెమటకు నాని, బట్టల ఒరిపిడికి గీసుకుపోయిన చోట, చెమటకాయలను గోకిన చోట, షేవింగ్ గాట్ల దగ్గర అది వెంట్రుక మూలంలోకి దిగి గడ్డ కడుతుంది. మామిడిపండ్లు, సెగగడ్డలు ఒకే కాలంలో వస్తాయి కాబట్టి నింద పండు మీద పడింది. గడ్డను పిండకండి. ముఖ్యంగా ముక్కు మీద, పై పెదవి మీద లేచినవాటిని అసలు ముట్టుకోకండి. గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో కాపడం పెట్టండి. మళ్లీ మళ్లీ గడ్డలు లేస్తుంటే మామిడిపండ్లు మానేసి ఊరుకోకుండా రక్తంలో షుగర్ చూపించుకోండి. షుగర్ ఉందన్న సంగతి ఈ గడ్డల వల్లే మొదటిసారి బయటపడినవాళ్లను నేను చూస్తూనే ఉంటాను.

మామిడితో వచ్చే చిక్కు వేరే ఉంది. తొడిమ దగ్గర కారే సొన చర్మానికి తగిలితే కొందరికి దద్దుర్లు వస్తాయి, చర్మం కాలినట్టు నల్లబడుతుంది. బంగినపల్లిని కోసుకుని తింటాం కాబట్టి సొన ఇబ్బంది తక్కువ. రసాలను నోటితో జుర్రుకునే పిల్లలకే పెదవుల చుట్టూ పొక్కులు ఎక్కువగా కనిపిస్తాయి. పండ్లను నీళ్లలో కాసేపు నానబెట్టి, బాగా కడిగి, తొడిమ తీసి, మొదట వచ్చే సొనను పిండి పారబోసి, అప్పుడు ఇవ్వండి. ఇక మొటిమల సంగతి. చక్కెర ఎక్కువగా ఉన్న తిండి కొందరిలో మొటిమలను పెంచుతుంది. రోజూ చక్కెర వేసిన మ్యాంగో మిల్క్‌షేక్ తాగేవాళ్లు దాన్ని తగ్గించి చూడవచ్చు. పండు తినేవాళ్లు మితంగా హాయిగా తినండి.

అపోహ: సన్‌స్క్రీన్ తెల్లగా ఉండేవాళ్లకే. మనకు అక్కర్లేదు.

వాస్తవం: మన చర్మంలోని మెలనిన్ అనే రంగు పదార్థం మనల్ని కొంత కాపాడే మాట నిజం. ఎండకు చర్మం కాలడం, చర్మ క్యాన్సర్ మన దగ్గర తెల్లవాళ్లలో కన్నా చాలా తక్కువ. కానీ మంగు మచ్చలు, ట్యాన్, త్వరగా ముడతలు పడటం మనకూ వస్తాయి. మంగు అయితే మన ఆడవాళ్లలో చాలా ఎక్కువ. ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాల తీవ్రతను చెప్పే యూవీ సూచిక మన దగ్గర ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో తరచుగా 11 దాటుతుంది. ఆ కొలమానంలో అదే అన్నిటికన్నా తీవ్రమైన స్థాయి.

సన్‌స్క్రీన్ డబ్బా మీది ఎస్‌పీఎఫ్ అంకె చూసి మోసపోకండి. 30 ఉన్నది చర్మాన్ని కాల్చే యూవీబీ కిరణాల్లో దాదాపు 97 శాతం ఆపుతుంది, 50 ఉన్నది 98 శాతం. ఆ పైన 100 కొన్నా ఒరిగేది కొద్దే. మంగు, ట్యాన్ రాకుండా కాపాడుకోవాలంటే డబ్బా మీద పీఏ పక్కన ఎన్ని ప్లస్ గుర్తులు ఉన్నాయో చూడండి. యూవీఏ కిరణాలను ఎంత ఆపుతుందో చెప్పేది అదే. ఈ కిరణాలు మబ్బుల్లోంచి, కారు పక్క అద్దాల్లోంచి కూడా వస్తాయి. మంగు ఉన్నవాళ్లకు మామూలు వెలుతురు కూడా మచ్చను పెంచుతుంది కాబట్టి, ఐరన్ ఆక్సైడ్ కలిసిన, చర్మం రంగులో ఉండే సన్‌స్క్రీన్ ఎక్కువ ఉపయోగపడుతుంది.

అందరూ పొరపాటు చేసేది ఎంత రాయాలన్న దగ్గరే. ముఖానికి, మెడకు కలిపి చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు పిండినంత కావాలి. బొట్టు పెట్టుకున్నట్టు రాస్తే డబ్బా మీది అంకెకు అర్థం లేదు. ఎండలో తిరిగితే రెండు గంటలకోసారి, చెమట తుడుచుకున్నాక మళ్లీ రాయాలి. ఖరీదైనది కొని పొదుపుగా రాసుకునే కన్నా ధర తక్కువది కొని సరిపడా రాసుకోవడం మేలు. సన్‌స్క్రీన్ వల్ల డి విటమిన్ తగ్గిపోతుందని భయపడేవాళ్లు ఉన్నారు. మామూలుగా జనం రాసుకునే పద్ధతిలో అలా జరగదు.

ఇన్ని చెప్పినా, పది నుంచి నాలుగు మధ్య నీడలో ఉండటానికి సాటి వచ్చే క్రీమ్ లేదు. పొలం పనికి, ఉపాధి పనికి వెళ్లేవాళ్లకు సన్‌స్క్రీన్ కొనమని నేను చెప్పను. తలపాగా, పొడుగు చేతుల నూలు చొక్కా, ముదురు రంగు గొడుగు వాళ్లను బాగా కాపాడతాయి. పలచటి తెల్లబట్ట కన్నా దట్టంగా నేసిన ముదురు రంగు బట్ట యూవీని ఎక్కువ ఆపుతుంది.

అపోహ: నిమ్మరసం, వంటసోడా రాస్తే ట్యాన్ పోతుంది.

వాస్తవం: నిమ్మజాతి పండ్ల రసంలో, తొక్కలో ఉండే సోరాలెన్ జాతి పదార్థాలు ఎండ తగిలితే చర్మాన్ని కాలుస్తాయి. బొబ్బలెక్కి, తర్వాత నెలల తరబడి పోని నల్లమచ్చ మిగులుతుంది. నిమ్మరసం పిండాక చేతులు కడుక్కోకుండా ఎండలోకి వెళ్లినవాళ్లకు కూడా ఇలా జరుగుతుంది. వంటసోడా మరోరకం ఇబ్బంది. చర్మం కాస్త ఆమ్లగుణంతో ఉంటేనే ఆరోగ్యంగా ఉంటుంది, సోడా దాన్ని చెడగొట్టి మంట పుట్టిస్తుంది. ఎండ తగ్గించుకుంటే ట్యాన్ వారాలు, నెలల్లో దానంతటదే పలచబడుతుంది. సున్నిపిండి వాడే అలవాటు ఉంటే మానక్కర్లేదు, మెత్తగా జల్లించినది వాడండి. మెడ నలుపు పోవాలని పీచుతో గట్టిగా తోమితే ఆ ఒరిపిడికే నలుపు ఇంకా పెరుగుతుంది.

అపోహ: తామరకు షాపులో ఇచ్చే ట్యూబ్ రాస్తే రెండు రోజుల్లో పోతుంది.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. ఆ ట్యూబుల్లో చాలావాటిలో ఫంగస్ మందుతో పాటు క్లోబెటసాల్, బీటామెథసోన్ లాంటి గట్టి స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. స్టెరాయిడ్ దురదను రెండు రోజుల్లో నొక్కేస్తుంది. తగ్గిందని ఆపేస్తారు. ఫంగస్‌ను అడ్డుకోవాల్సిన చర్మం శక్తి కూడా ఆ మందుకే తగ్గిపోతుంది కాబట్టి, తామర ఈసారి రెట్టింపు మేర పాకుతుంది. మళ్లీ అదే ట్యూబ్. అలా నెలలు గడిచాక గజ్జల్లో, తొడల్లో చర్మం పలచబడి చారలు పడతాయి. ఆ చారలు జీవితాంతం పూర్తిగా పోవు. పదో తరగతి పిల్లలు సైతం ఈ చారలతో వస్తున్నారు, సిగ్గుపడి ఇంట్లో చెప్పుకోలేక షాపు మీద ఆధారపడినవాళ్లు. వాళ్ల తప్పు ఏమీ లేదు. 2018లోనే కేంద్ర ప్రభుత్వం స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా ఇవి అడిగిన వెంటనే చేతికి వస్తున్నాయి.

పైగా ఇప్పుడు మన దేశంలో ఎక్కువగా కనిపించే ట్రైకోఫైటాన్ ఇండోటినే అనే ఫంగస్ పాత మందులకు అంత తేలిగ్గా లొంగదు. చికిత్స వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. దురద పోయాక కూడా డాక్టర్ చెప్పినన్నాళ్లు వాడాలి. ఇంట్లో ఎవరెవరికి దురద ఉంటే వాళ్లందరికీ ఒకేసారి వైద్యం చేయించాలి. తువ్వాలు, దుప్పటి ఎవరిది వాళ్లకు ఉండాలి. లోదుస్తులను వేడినీళ్లలో ఉతికి, తిరగేసి ఎండలో ఆరేయండి. చికిత్స జరిగినన్నాళ్లు మొలతాడు తీసేయమని చెబుతాను. అది ఎప్పుడూ తడిగా ఉండి ఫంగస్‌కు ఇల్లవుతుంది. ఆచారం కొద్దీ తీయలేమన్న పెద్దవాళ్లకు పాతది తీసి, తగ్గాక కొత్తది కట్టుకోమని చెబితే ఒప్పుకుంటారు. బిగుతు జీన్స్, లెగ్గింగ్స్ ఈ కాలానికి పక్కన పెట్టండి.

ఇదే స్టెరాయిడ్ క్రీములను తెల్లబడతామని ముఖానికి రాసే ఆడపిల్లలూ ఉన్నారు. మొదట్లో తేటగా కనిపిస్తుంది. తర్వాత ఎండలోకి వెళ్తే మంట, ఎరుపు, మొటిమలు, ముఖం మీద వెంట్రుకలు. ఇప్పటికే వాడుతూ ఉంటే ఒక్కసారిగా ఆపకుండా చర్మ డాక్టర్‌ను కలవండి, మెల్లగా మాన్పించే పద్ధతి ఉంది.

అపోహ: మెడ మీద, వీపు మీద తెల్లమచ్చలు వస్తే బొల్లే, లేదంటే కాల్షియం లోపం.

వాస్తవం: చెమట కాలంలో వచ్చే, సన్నగా పొట్టు రాలే మచ్చలు చాలావరకు శోభి. మన చర్మం మీద ఉండే ఈస్ట్ పెరిగితే వస్తుంది. కాల్షియంతో సంబంధం లేదు. మందుతో ఈస్ట్ పోయాక కూడా రంగు తిరిగి రావడానికి కొన్ని నెలలు పడుతుంది, మందు పనిచేయలేదని కంగారు పడకండి.

అపోహ: ఎండాకాలం తలకు ఆముదం పెడితే చలవ, చుండ్రూ పోతుంది.

వాస్తవం: చుండ్రుకు కారణమయ్యే ఈస్ట్‌కు నూనే ఆహారం. నూనె పెట్టిన రోజు పొట్టు కనపడదు, తర్వాత పెరుగుతుంది. పైగా నూనె నుదుటి మీదికి కారి అక్కడ మొటిమలు లేస్తాయి. జుట్టు కొసలు పొడిబారితే తలస్నానానికి గంట ముందు కొసలకు రాయండి, చాలు. చుండ్రుకు కీటోకొనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు, ఐదు నిమిషాలు ఉంచి కడగాలి. తలస్నానం చేశాక జుట్టు పూర్తిగా ఆరకుండా జడ వేయకండి.

అపోహ: నీళ్లు ఎంత తాగితే ముఖానికి అంత గ్లో.

వాస్తవం: ఒంట్లో నీళ్లు తగ్గితే నీరసం, తలనొప్పి, మూత్రంలో మంట వస్తాయి. అందుకని దాహం వేయకముందే తాగాలి. మూత్రం లేత పసుపులో వస్తుంటే సరిపోతున్నట్టే. అంతకు మించి తాగితే మెరుపు రాదు. చెమటతో పోయే ఉప్పు కూడా తిరిగి అందాలి. ఉప్పు వేసిన పలచటి మజ్జిగ, గంజి, కొబ్బరినీళ్లు మంచివి. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు, బీపీ ఉన్నవాళ్లు మాత్రం ఉప్పు, నీళ్లు ఎంత తీసుకోవాలో తమ డాక్టర్‌ను అడగాలి.

ఓఆర్ఎస్ అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పుతో పాటు పొటాషియం క్లోరైడ్, సిట్రేట్ కలిసిన పొడి. ఆ పేరుతో డబ్బాల్లో తీపి పానీయాలు ఏళ్ల తరబడి అమ్మారు. హైదరాబాద్‌లోని పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఎన్నో ఏళ్లు పోరాడాక, సూత్రం పాటించని పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న పేరు వాడకూడదని 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. కొనేటప్పుడు ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని ఉందో లేదో చూడండి. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు అని రాసి ఉంటే అన్నిట్లోనే కలపండి.

అపోహ: జేబులో ఉల్లిపాయ ఉంటే వడదెబ్బ తగలదు. తగిలినా జ్వరం మాత్ర వేస్తే తగ్గుతుంది.

వాస్తవం: 2015 మే నెలలో వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఉల్లిపాయ చద్దన్నంలోకి బాగుంటుంది, జేబులో ఉంటే చేసేదేమీ లేదు. పారాసెటమాల్ కూడా ఇక్కడ పనిచేయదు. మామూలు జ్వరంలో మెదడే ఒంటి వేడిని పెంచుతుంది, మాత్ర దాన్ని దించుతుంది. వడదెబ్బలో వేడి బయటి నుంచి వచ్చి, ఒళ్లు దాన్ని వదిలించుకోలేకపోతుంది. ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటి, మనిషి తికమకగా మాట్లాడినా, తూలినా, స్పృహ తప్పినా అది వడదెబ్బే. చెమట పడుతోంది కదా అని ఊరుకోకండి. ఎండలో పనిచేసేవాళ్లకు చెమట పడుతుండగానే వడదెబ్బ తగలవచ్చు. వెంటనే 108కి ఫోన్ చేసి, నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్లు పోస్తూ విసరండి. ఐసు ఉంటే గుడ్డలో చుట్టి మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అంబులెన్స్ వచ్చేదాకా ఒంటిని చల్లబరచడం ఆపకండి.