మూత తెరిస్తే లేవని ల్యాప్‌టాప్: లినక్స్ డ్రైవర్లలో సస్పెండ్, రెజ్యూమ్ వెనుక కథ

ల్యాప్‌టాప్ మూత మూసి తెరిస్తే వైఫై ఉండదు, లేదంటే మెషీన్ మొత్తం బిగుసుకుపోతుంది. లినక్స్‌లో ఈ ఫిర్యాదు చాలా పాతది. సస్పెండ్ (నిద్రపుచ్చడం), రెజ్యూమ్ (లేపడం) సమయంలో డ్రైవర్ (పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్) ఏ పని చేసిందన్నదాని కన్నా, ఏ దశలో చేసిందన్న దగ్గరే ఎక్కువసార్లు తప్పు దొరుకుతుంది.

1992లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఏపీఎం అనే పవర్ నిర్వహణ పద్ధతిలో నిద్రపుచ్చే పని చాలావరకు బయాస్ (మదర్‌బోర్డులోని సాఫ్ట్‌వేర్) చూసుకునేది. 1996 డిసెంబరులో ఆ రెండూ తోషిబాతో కలిసి ఏసీపీఐ అనే కొత్త పద్ధతి తెచ్చాక పగ్గాలు ఆపరేటింగ్ సిస్టమ్ చేతికొచ్చాయి. ఎస్3 నిద్రలో ర్యామ్‌కు తప్ప దాదాపు అన్నిటికీ కరెంటు పోతుంది. కార్డు రిజిస్టర్లలో (దానిలోని చిన్న మెమరీ గదుల్లో) ఏముండాలో గుర్తుపెట్టుకుని తిరిగి రాసే బాధ్యత అలా డ్రైవర్ మీద పడింది.

దానికి ముందు వరుస కుదరాలి. యూఎస్‌బీ కంట్రోలర్ పడుకున్నాక దాని కింది కీబోర్డుకు ఆదేశం పంపలేం. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నెల్ (లినక్స్ కేంద్ర భాగం) పరికరాలన్నిటినీ చెట్టులా పేర్చింది: పడుకునేటప్పుడు పిల్లలు ముందు, లేచేటప్పుడు తల్లి ముందు.

అయినా ఒక చిక్కు మిగిలింది. కార్డులను మదర్‌బోర్డుకు కలిపే పీసీఐలో ఒకే ఇంటరప్ట్ లైనును (కార్డు ప్రాసెసర్‌ను పిలిచే దారిని) రెండు మూడు కార్డులు పంచుకోవచ్చు. మెషీన్ లేస్తుండగా సౌండ్ కార్డు ఇంటరప్ట్ ఇస్తే, అదే లైను మీదున్న నెట్‌వర్క్ డ్రైవర్ హ్యాండ్లర్ (ఆ పిలుపుకు స్పందించే కోడ్) కూడా నడుస్తుంది. దాని కార్డు ఇంకా డీ3లోనే (నిద్ర స్థితిలోనే) ఉంటే స్టేటస్ రిజిస్టర్ చదివినప్పుడు 32 బిట్లూ ఒకట్లే వస్తాయి. అన్ని కారణాలూ ఒకేసారి వచ్చాయనుకుని హ్యాండ్లర్ లేని ప్యాకెట్ల వెంట పడుతుంది. ఇది ఎప్పుడో ఒకసారి మాత్రమే జరగడం వల్ల పట్టుకోవడం నరకం. 2009లో 2.6.30 కెర్నెల్‌లో డెవలపర్ రఫాయెల్ వైసాకీ చేసిన మార్పులు దీన్ని మూలంలోనే సరిచేశాయి: డ్రైవర్ల హ్యాండ్లర్లు నడవకుండా ఆపి ఉంచిన 'నో ఐఆర్‌క్యూ' దశలోనే పీసీఐ కోర్ (కెర్నెల్‌లోని ఉమ్మడి పీసీఐ కోడ్) కార్డును డీ0కు (పూర్తిగా మేలుకున్న స్థితికి) తెచ్చి, కాన్ఫిగ్ స్పేస్ (కార్డు అమరికలుండే రిజిస్టర్లు) తిరిగి రాస్తుంది.

అందుకే ఇప్పుడు డ్రైవర్ సస్పెండ్ ఫంక్షన్‌లో చేయాల్సింది కొంచెమే: క్యూలు ఆపాలి, పెండింగ్ వర్క్ రద్దు చేయాలి, డీఎంఏ (కార్డు నేరుగా ర్యామ్‌తో జరిపే డేటా మార్పిడి) ముగిసేదాకా ఆగాలి. కాన్ఫిగ్ స్పేస్ సేవ్ చేయడం, డీ3కి పంపడం కోర్‌కే వదలాలి. పాత అలవాటుతో డ్రైవరే సేవ్ చేస్తే, పవర్ సంగతి కూడా డ్రైవరే చూసుకుంటుందని కోర్ తప్పుకుంటుంది. డ్రైవర్ అది చూసుకోకపోతే కార్డు డీ0లోనే మిగిలి బ్యాటరీ తాగుతుంది. లేచేటప్పుడు డీ3 హాట్ (కరెంటు ఇంకా ఉన్న డీ3) నుంచి డీ0కు మారాక సాధారణంగా 10 మిల్లీసెకన్లు ఆగాకే కార్డును తాకాలి.

2.6.32లో రన్‌టైమ్ పవర్ మేనేజ్‌మెంట్ (మెషీన్ నడుస్తుండగానే వాడని పరికరాన్ని నిద్రపుచ్చడం) వచ్చాక అదే చిక్కు మరో రూపంలో ఎదురైంది. సిస్టమ్ సస్పెండ్ మొదలయ్యే సరికే కార్డు నిద్రలో ఉండొచ్చు. అది చూసుకోకుండా రిజిస్టర్ చదివితే మళ్లీ అన్నీ ఒకట్లే.

2013లో 3.9 కెర్నెల్ 'ఫ్రీజ్' నిద్రను (ఎస్3లా కరెంటు తీసేయకుండా ప్రాసెసర్‌ను ఖాళీగా ఉంచేది) తెచ్చింది. ఎస్3 లేని కొత్త ల్యాప్‌టాప్‌లు దీని మీదే ఆధారపడతాయి. ఇక్కడ ఒక్క పరికరం మేలుకుని ఉన్నా చిప్ లోతైన నిద్రలోకి వెళ్లకపోవచ్చు. బ్యాగులో పెట్టిన ల్యాప్‌టాప్ వేడెక్కడానికి తరచూ ఇదే కారణం.

తప్పు ఎక్కడుందో వెతకాలంటే కెర్నెల్‌లోని 'పీఎం టెస్ట్' ఫైలులో 'డివైసెస్' అని రాసి సస్పెండ్ చేయండి. ప్రోగ్రాములు ఆగి, పరికరాలు మాత్రమే పడుకుని, 5 సెకన్ల తర్వాత లేస్తాయి. ఇక్కడే బిగుసుకుపోతే తప్పు చాలావరకు డ్రైవర్‌దే. అసలు నిద్ర నుంచి లేచేటప్పుడే బిగుసుకుపోతే 'పీఎం ట్రేస్' వాడాలి. అది చివరిగా నడిచిన చోటును గడియారం చిప్‌లో దాస్తుంది కాబట్టి, పని అయ్యాక తేదీని సరిచేసుకోవాలి.