సెలూన్ షట్టర్ ఎత్తే ముందు: హెయిర్ స్టయిలింగ్ రంగంలో అపోహలు - వాస్తవాలు

పని నేర్చుకుంటామని మా దగ్గరికి వచ్చే పిల్లలూ, షాపు పెడతాం సలహా చెప్పమని వచ్చే పెద్దలూ దాదాపు ఒకే రకం మాటలు చెబుతారు. వాటిని నమ్మి అప్పు చేసినవాళ్ళను చూశాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

అపోహ: మూడు నెలల కోర్సు చేస్తే హెయిర్ స్టయిలిస్ట్ అయిపోవచ్చు.

కోర్సు అవసరమే. ఐటీఐలో కాస్మెటాలజీ ఏడాది ట్రేడ్ ఉంది, ప్రైవేటు అకాడమీలూ ఉన్నాయి. సెక్షన్లు తీయడం (జుట్టును పాయలుగా విడదీయడం), కత్తెర పట్టు, జుట్టును ఏ కోణంలో ఎత్తి కోస్తే లేయర్ ఎక్కడ పడుతుందో అక్కడ నేర్పిస్తారు. కానీ మీరు సాధన చేసే డమ్మీ తలకు సుడి ఉండదు, మెడ దగ్గర వెంట్రుకలు ఎదురు తిరగవు. ఉంగరాల జుట్టు సంగతీ మనిషి తల మీదే తెలుస్తుంది. తడిగా ఉన్నప్పుడు అది సాగి ఉంటుంది. భుజం దాకా ఉంచమన్నారని తడి మీదే కొలిచి కోస్తే, ఆరేసరికి చెంపల దగ్గరికి వచ్చేస్తుంది.

రంగు దగ్గర ఇంకా కష్టం. ఫోన్‌లో ఫొటో చూపించి "అన్నా, ఈ లైట్ బ్రౌన్ కావాలి" అంటారు. జుట్టు ఎంత ముదురో, ఎంత లేతో లెవెల్ అంకెలతో చెబుతాం, 1 అంటే అన్నిటికంటే ముదురు. మనవాళ్ళ జుట్టు ఎక్కువగా లెవెల్ 1 నుంచి 3 మధ్యలో ఉంటుంది, అంటే నలుపు లేదా చాలా ముదురు గోధుమ రంగు. దాన్ని తేలిక చేస్తూ పోతే ముందు ఎరుపు, తర్వాత నారింజ, ఆ తర్వాతే పసుపు బయటపడతాయి. ఏ దశలో ఆపాలో, ఆ నారింజను ఏ యాష్ టోన్‌తో (బూడిద ఛాయ రంగుతో) అణచాలో తెలియాలి. అప్పటికే నల్ల రంగు వేసిన జుట్టు మీద కొత్త రంగు వేస్తే అది తేలిక పడదు. ముందు ఆ పాత రంగును తీయాల్సిందే.

అందుకే నేను రంగు కలిపే ముందు గతం అడగమంటాను. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అంటే 45 సెంటీమీటర్ల జడ కొసలో మూడేళ్ళు దాటిన జుట్టు ఉంటుంది. అప్పుడెప్పుడో పెట్టుకున్న ప్యాకెట్ గోరింట, చేయించుకున్న రీబాండింగ్ (మందుతో జుట్టు సాపు చేయించడం), అన్నీ ఆ కొసలోనే ఉంటాయి. కొన్ని ప్యాకెట్లలో లోహ లవణాలు కలుస్తాయి. వాటి మీద బ్లీచ్ పడితే జుట్టు వేడెక్కి తెగిపోవచ్చు. మెడ వెనక లోపలి నుంచి సన్నటి పాయ ఒకటి తీసి ముందు దాని మీద వేసి చూడండి. రంగుతో అలర్జీ వచ్చేవాళ్ళు ఉంటారు కాబట్టి 48 గంటల ముందు ప్యాచ్ టెస్ట్ చేయండి, అంటే చర్మం మీద కొంచెం రాసి చూడండి. తొందర కోసం 20 వాల్యూమ్ డెవలపర్ (రంగులో కలిపే పెరాక్సైడ్ ద్రావణం) బదులు 40 వాడకండి. 20లో పెరాక్సైడ్ 6 శాతం, 40లో 12 శాతం. మాడుకు ఆ తేడా బాగా తెలుస్తుంది.

ఇవన్నీ చేతికి రావాలంటే మంచి సెలూన్‌లో కనీసం రెండేళ్ళు పనిచేయాలని నా అభిప్రాయం. మొదట్లో జీతం తక్కువే, ఇంట్లో టెన్షన్ ఉంటుందని తెలుసు. అయినా ఆ రెండేళ్ళకు దగ్గరి దారి నాకు కనిపించలేదు.

అపోహ: మంచి సెంటర్‌లో షాపు, అదిరిపోయే ఇంటీరియర్ ఉంటే జనం వాళ్ళంతట వాళ్ళే వస్తారు. పనికి స్టాఫ్‌ను పెట్టుకుంటే సరి.

మొదటిసారి రావడానికి అద్దాలూ లైట్లూ పనికొస్తాయి. రెండోసారి వచ్చేది చేతి పనిని బట్టి. ఒక చిన్న లెక్క వేద్దాం. అద్దె 20 వేలు, ఇద్దరు స్టయిలిస్టులకు 40 వేలు, హెల్పర్‌కు 10 వేలు, కరెంటూ నీళ్ళూ ఇంటర్నెట్ 8 వేలు, ప్రొడక్టులు 12 వేలు అనుకోండి. నెలకు 90 వేలు. 26 రోజులు తెరిస్తే రోజుకు దాదాపు 3,460 రావాలి. కటింగ్ 200 అయితే రోజుకు పద్దెనిమిది మంది. అప్పటికి మీ చేతికి ఇంకా రూపాయి రాలేదు, అప్పు వాయిదా కట్టలేదు.

ఆ పద్దెనిమిది మంది రోజూ రారు. మంగళవారం చాలా ఊళ్ళలో షాపులే మూస్తారు, తీసినా జనం ఉండరు. కార్తీకంలో అయ్యప్ప మాలలు మొదలయ్యాయంటే మాల వేసుకున్నవాళ్ళు కటింగూ గడ్డమూ మానేస్తారు, సంక్రాంతి దాకా మగవాళ్ళ కుర్చీలు పలచబడతాయి. ఆషాఢంలో, మూఢంలో పెళ్ళిళ్ళు ఉండవు, బ్రైడల్ బుకింగ్‌లూ ఉండవు. అద్దె మాత్రం ఒకటో తారీఖుకే. అందుకే పెట్టుబడి మొత్తం ఇంటీరియర్‌లో పోయకుండా కనీసం ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకోమంటాను. షాపు ఖాయం చేసే ముందు అక్కడి నీళ్ళు కూడా చూడండి. బోరు నీళ్ళు కఠినంగా ఉంటే షాంపూ నురగ సరిగా రాదు, గీజర్‌లో సున్నపు పొర కడుతుంది. నీటి కాఠిన్యం తగ్గించే సాఫ్ట్‌నర్ ఖర్చు ముందే లెక్కలో వేసుకోవాలి.

ఇక స్టాఫ్ విషయం. పని తెలియని యజమాని పూర్తిగా ఒక్క స్టయిలిస్ట్ మీద ఆధారపడతాడు. అతను పక్క వీధిలో షాపు పెడితే కస్టమర్లూ అటే నడుస్తారు. ఆ భయంతో కొందరు ఎవరికీ పూర్తి పని నేర్పరు. అది ఇంకా నష్టం. అందరికీ నేర్పండి, ప్రతి కస్టమర్‌కూ ఒక కార్డు పెట్టండి. ఏ ట్యూబ్ నంబరు, ఏ డెవలపర్, ఎన్ని నిమిషాలు ఉంచారో రాసి ఉంటే, ఎవరు మానేసినా మిగిలినవాళ్ళు అదే రంగు తేగలరు.

అపోహ: షాంపూ చేయడానికి నైపుణ్యం ఏముంది, కొత్త పిల్లలు చేస్తారులే.

దీన్ని నేను అసలు ఒప్పుకోను. 2022లో హైదరాబాద్‌లో 50 ఏళ్ళ మహిళకు సెలూన్‌లో తల కడుగుతుండగా కళ్ళు తిరిగి వాంతులయ్యాయి, తర్వాత స్ట్రోక్ అని తేలింది. మెడ బాగా వెనక్కి వంగినప్పుడు మెదడుకు రక్తం తీసుకెళ్ళే నాళం నొక్కుకుపోవడం వల్ల ఇలా జరుగుతుందని వైద్యులు వివరించారు. వైద్య పత్రికల్లో 1993లోనే దీని గురించి రాశారు. అరుదే కానీ, జాగ్రత్త మన చేతిలో ఉంది. బేసిన్ అంచుకూ మెడకూ మధ్య మడత టవల్ పెట్టండి, కుర్చీ ఎత్తు సరిచేయండి, వయసు మళ్ళినవాళ్ళను ముందుకు వంచి కడగండి. మసాజ్ అయ్యాక మెడ విరిచే అలవాటు పూర్తిగా మానేయండి.

ఆ పిల్లల చేతులు కూడా ఒకసారి చూడండి. రోజంతా షాంపూలో నాని వేళ్ళ సందులు పగిలిపోతాయి, రంగులతో దురద మొదలవుతుంది. గ్లవ్స్ పెట్టె ఖరీదు చూసి వెనకాడే యజమాని దగ్గర పని చేయవద్దని నేర్చుకునేవాళ్ళకు నా మాట.

అపోహ: "ఫార్మాల్డిహైడ్ ఫ్రీ" అని ఉంటే కెరటిన్ ట్రీట్‌మెంట్‌తో (క్రీము రాసి వేడి ఐరన్‌తో జుట్టు సాపు చేయడంతో) భయం లేదు.

కొన్నిటిలో ఆ పేరు లేకపోయినా మిథిలీన్ గ్లైకాల్ ఉంటుంది, ఐరన్ వేడికి దాన్నుంచి ఫార్మాల్డిహైడ్ వాయువే వస్తుంది. ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకమని తేలిన పదార్థం. ఇంకొన్నిటిలో గ్లయాక్సిలిక్ యాసిడ్ ఉంటుంది. స్ట్రెయిట్‌నింగ్ చేయించుకున్న మూడుసార్లూ ఒక యువతి కిడ్నీలు దెబ్బతిన్నాయని 2024లో ఫ్రాన్స్ వైద్యులు ప్రచురించారు, ఆ క్రీములో ఉన్నది ఇదే. ముందు వైపు అక్షరాలు వదిలేసి వెనక పదార్థాల జాబితా చదవండి. కస్టమర్ పీల్చేది ఒక్కరోజు, మనం పీల్చేది రోజూ.

అపోహ: ఇది ఫలానా కులం పని, చదువుకున్నవాళ్ళు చేసేది కాదు.

తరతరాలుగా ఈ విద్యను నిలబెట్టింది నాయీ బ్రాహ్మణులు. గుళ్ళలో, పెళ్ళిళ్ళలో సన్నాయి, డోలు వాయించిందీ వాళ్ళే. వాళ్ళ చేతి నైపుణ్యానికి దక్కాల్సిన గౌరవం దక్కలేదన్నది నా బాధ. ఈరోజు అన్ని కులాల పిల్లలూ, ఆడపిల్లలూ, ఉత్తరాది, ఈశాన్య రాష్ట్రాల యువతా ఇక్కడ కత్తెర పడుతున్నారు. కొత్తగా వచ్చేవాళ్ళు ఆ పాత కటింగ్ షాపుల పెద్దలను పలకరించి, కత్తి పదును గురించి అడిగి నేర్చుకోవాలి.

అపోహ: చిన్న షాపుకు కాగితాలు అక్కర్లేదు. జీఎస్టీ మాత్రం మొదటి రోజు నుంచే కట్టాలి.

రెండూ తప్పే. మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్స్, కార్మిక శాఖలో షాపుల చట్టం కింద రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. చిన్న వ్యాపారాలకు కేంద్రం చేసే ఉద్యమ్ నమోదు ఉచితం. జీఎస్టీ మామూలుగా ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితేనే. 2025 సెప్టెంబర్ 22 నుంచి సెలూన్ సేవల మీద పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, కానీ ఇన్‌పుట్ క్రెడిట్ లేదు. కుర్చీలు, మెషిన్ల మీద కట్టిన పన్ను మీ ఖర్చులోనే పడుతుంది. తెలంగాణలో నాయీ బ్రాహ్మణుల సెలూన్లకు 2021 ఏప్రిల్ నుంచి నెలకు 250 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఉంది.

అప్పు కావాలంటే వడ్డీ వ్యాపారి కంటే ముందు చేతివృత్తులవాళ్ళ కోసం కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ చూడండి. 2023లో మొదలైన ఈ పథకంలోని 18 వృత్తుల్లో క్షౌర వృత్తి ఒకటి. పరికరాలకు 15 వేలు, 5 శాతం వడ్డీకి తాకట్టు లేకుండా మొదట లక్ష, అది తీర్చాక 2 లక్షలు ఇస్తారు. కుటుంబంలో ఒక్కరికే వర్తిస్తుంది. కామన్ సర్వీస్ సెంటర్‌కు ఆధార్ తీసుకుని వెళ్తే వేలిముద్రతో నమోదు చేస్తారు.