రెండెకరాల మాగాణి, ఇంటిల్లిపాది కష్టం: కొన్ని అపోహలు – వాస్తవాలు

తెనాలికి సమీపంలో, కృష్ణా పశ్చిమ డెల్టా కాలువ కింద మాకు రెండెకరాల మాగాణి ఉంది. మరో ఎకరం కౌలుకు చేస్తున్నాం, ఇంటి వెనుక రెండు పాడి గేదెలున్నాయి. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఇరవై రెండేళ్లుగా మా వారితో సమానంగా నేనూ ఆ పొలంలో పని చేస్తున్నాను. గుంటూరులోనూ విజయవాడలోనూ స్థిరపడిన మా బంధువులు పండగలకు వచ్చినప్పుడు మా జీవితం గురించి ఎంతో ప్రేమగా మాట్లాడతారు గాని, ఆ మాటల్లో కొన్ని పొరపాటు అభిప్రాయాలు ఏటా వినపడుతూనే ఉంటాయి. వాటికి నాకు తెలిసినంతలో సమాధానం రాస్తున్నాను.

అపోహ: కార్తెలు చూసి సేద్యం చేయడం మూఢనమ్మకం.

వాస్తవం: సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే కాలాన్ని కార్తె అంటారు. సంవత్సరానికి 27 కార్తెలు, ఒక్కొక్కటి సుమారు 13 లేదా 14 రోజులు. తిథులను బట్టి వచ్చే పండగలు ఏటా ముందుకూ వెనక్కూ జరుగుతాయి గాని, సూర్యుణ్ని బట్టి నడిచే కార్తెలు దాదాపు అవే తేదీలకు వస్తాయి. మే నెలాఖరులో రోహిణి, జూన్ 8 ప్రాంతంలో మృగశిర, జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర ప్రవేశిస్తాయి. రోహిణిలో రోళ్లు పగులుతాయన్నా, మృగశిర ముంగిళ్లు చల్లబరుస్తుందన్నా, ఆ మాటల్లో ఉన్నది ఎండావానల లెక్కే. అక్షరం రాని రైతు కూడా ఆ లెక్కను నోటి మీద ఉంచుకోగలిగాడు.

అయితే ఆ లెక్క ఒక్కటే మా డెల్టాకు సరిపోదు. విజయవాడ దగ్గర కృష్ణ మీద 1855లో ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి, ఆ తర్వాత 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చినప్పటి నుంచి, మా నారుమళ్లు వానతో పాటు కాలువ నీటి కోసమూ ఎదురు చూస్తున్నాయి. మా మామగారు ఏరువాక పున్నమి నాడు కాడికి పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఒక్క చాలు దున్ని ఇంటికి వచ్చేవారు. విత్తనాలను మాత్రం కాలువకు నీళ్లు వదిలారన్న కబురు అందిన తర్వాతే నానబోసి, మొలకెత్తడానికి మండె కట్టేవారు. ఆయనకు ఆ రెండింటి మధ్య వైరుధ్యం ఎప్పుడూ కనపడలేదు. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన బీపీటీ 5204 వరి రకానికి సుమారు 150 రోజుల కాలం కావాలి కనుక, నారుమడి ఆలస్యమైతే కోత తుఫానుల నెలల్లో పడుతుందని ఆయనకు బాగా తెలుసు.

అపోహ: దైవభక్తి ఉన్న రైతు భారం దేవుడి మీద వేసి కూర్చుంటాడు.

వాస్తవం: 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల సమీపంలో తీరం దాటింది. ఆ రాత్రంతా మా అత్తగారు దేవుడి గూటి ముందు కూర్చుని విష్ణు సహస్రనామం చదువుతూనే ఉన్నారు. పక్క చేను వారు క్రైస్తవులు. కోతలు ముగిశాక కోత పండగ నాడు తొలి పంటను గుడికి తీసుకువెళ్లడం వారి ఆనవాయితీ. ఆ రాత్రి వారింట్లోనూ ప్రార్థన జరిగింది. తెల్లవారాక గాలి తగ్గగానే రెండిళ్ల వాళ్లమూ పారలు పట్టుకుని వెళ్లి, గట్లకు గండ్లు కొట్టి, మురుగు బోదెలో పేరుకున్న గుర్రపుడెక్కను లాగిపోశాం. పడిపోయిన వరి నీటిలో నానుతుంటే వెన్ను మీదే గింజ మొలకెత్తుతుంది. దాన్ని ఆపడానికి శాస్త్రవేత్తలు చెప్పినట్టు 5 శాతం ఉప్పు ద్రావణాన్ని, అంటే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు చొప్పున కలిపి, వెన్నులు తడిసేలా పిచికారీ చేశాం. పంట మొత్తం దక్కలేదు. దక్కినంత మేరకు ఆ ఉప్పునీరూ, నీటిని బయటకు పంపిన ఆ పారలూ కాపాడాయి. అంత నష్టంలోనూ మళ్లీ పారపట్టే ధైర్యం మాకు ప్రార్థన వల్లనే కలిగిందని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

నాగుల చవితి గురించి కూడా ఇక్కడే చెప్పాలి. పాముకు పాలు ఆహారం కాదు, ఎలుక ఆహారం. వెన్ను బయటకు రాకముందు, వరి పొట్ట దశలో ఎలుకలు కొరికిన దుబ్బులను చూసిన వారెవరూ పొలంలో జెర్రిపోతును చంపరు. అందుకే మేము కార్తీక మాసంలో పుట్టకు పసుపు కుంకుమలు, చలిమిడి సమర్పిస్తాం గాని, కలుగులో పాలు పోయడం మానుకున్నాం. మా అత్తగారు మొదట కొంత బాధపడ్డారు. పుట్టలోని ప్రాణికి ఇబ్బంది కలుగుతుందని వివరించినప్పుడు ఆమే ఆ మార్పును ఒప్పుకున్నారు.

అపోహ: పొలంలో ఆడవాళ్లది చేదోడు మాత్రమే, సేద్యం చేసేది మగవాడు.

వాస్తవం: దున్నడం, గట్లు వేయడం, మందు కొట్టడం మా వారు చూస్తారు. నారు పీకడం, నాటడం, కలుపు తీయడం, మినుము పీకడం, విత్తనం ఎండబెట్టి దాచడం, తెల్లవారుజామున నాలుగున్నరకు పేడ తీసి పాలు పితకడం నా పనులు. ఏడాది పొడవునా ఈ ఇంటికి రోజువారీ డబ్బు తెచ్చేది పాలే, వడ్ల డబ్బు ఏడాదికి ఒకసారి వచ్చి అప్పులకే సరిపోతుంది. అయినా పట్టాదారు పాసుపుస్తకంలో పేరు లేని స్త్రీని కాగితాల మీద రైతుగా ఎవరూ గుర్తించరు. ఇది నన్ను నిజంగా బాధించే విషయం.

కౌలుకు చేసేవారి పరిస్థితీ ఇంతే. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం 11 నెలల ఒప్పందంతో సాగుదారు కార్డు ఇస్తారు గాని, దానికి భూయజమాని అంగీకారం ఉండాలి. మాకు పొలం ఇచ్చిన ఆసామి, సంతకం పెడితే భూమి చేజారుతుందేమోనన్న భయంతో రెండేళ్లు జంకారు. ఆ కార్డు పంటకు సంబంధించినదే తప్ప భూమి మీద ఎలాంటి హక్కునూ ఇవ్వదని చట్టం స్పష్టంగా చెబుతోంది. ఈ సంగతి ఆయనకు ఓపికగా చెప్పి ఒప్పించాక, నా పేరు మీదే కార్డు తీసుకున్నాం.

అపోహ: వరి కోయగానే పని అయిపోతుంది, సంక్రాంతికి రైతుకు విశ్రాంతి.

వాస్తవం: మా మాగాణుల్లో వరి కోతకు రెండు మూడు రోజుల ముందే, నిలిచి ఉన్న చేలో మినుము విత్తనాలు చల్లుతాం. భూమిలో మిగిలిన తేమతోనే ఆ పంట పండుతుంది. అందువల్ల కోత జరుగుతుండగానే రెండో పంట మొదలవుతుంది. కనుమ నాడు మినుము తినాలన్న ఆచారం ప్రకారం మేము గారెలు వండుకునే నాటికి చేలో మినుము పూతకు వస్తూ ఉంటుంది, గారెలకు రుబ్బేది నిరుటి పప్పు. కనుమ రోజున గేదెలను కడిగి, కొమ్ములకు రంగులు వేసి, మెడలో దండలు వేస్తాం, అయితే ఆ రోజు కూడా రెండు పూటలా పాలు పితకాల్సిందే. పండగ మూడు రోజులూ నేను చేను చుట్టి వచ్చేది బంగారు తీగ కోసం. ఆకులు లేని ఆ పసుపు పచ్చని తీగ మినుము మొక్కను అల్లుకుని రసం పీల్చేస్తుంది. అది పూతకు రాకముందే, అల్లుకున్న మొక్కతో సహా పీకి తగలబెట్టకపోతే, గింజలు రాలి ఏళ్ల తరబడి ఆ చేను దాని పాలవుతుంది.

అపోహ: యూరియా ఎంత ఎక్కువ వేస్తే పంట అంత బాగుంటుంది.

వాస్తవం: యూరియాలోని నత్రజని మితిమీరితే చేను నల్లగా ఏపుగా కనపడుతుంది, ఆ తర్వాత రసం పీల్చే దోమ చేరి దోమపోటు వస్తుంది, గాలి వీస్తే పైరు పడిపోతుంది. సిఫారసు చేసిన మోతాదును నాట్లకు ముందు చేసే దమ్ములోనూ, పిలక దశలోనూ, వెన్ను రూపుకట్టే అంకురం దశలోనూ విడతలుగా వేయాలి. ఆ దోమను అదుపులో ఉంచడానికి నాట్లలో ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలాలని మేము మొదలుపెట్టినప్పుడు, అంత నేల వృథా అవుతుందని మామగారు కోప్పడ్డారు. మరుసటి ఏడు నాట్ల వేళ బాటల కోసం తాడు పట్టింది ఆయనే.

అపోహ: పొలం పని చెబితే పిల్లల చదువు చెడుతుంది.

వాస్తవం: బడి మానిపించి పని చేయించడం తప్పే, మేము అలా ఎన్నడూ చేయలేదు. మా అమ్మాయి ఇంటర్మీడియట్ చదువుతోంది. రాత్రి దీపం పెట్టి దండం పెట్టుకున్నాక, ఆ రోజు పోసిన పాలు, కూలి, డీజిలు, మందుల ఖర్చులన్నీ నోటుపుస్తకంలో రాసేది తనే. నిరుడు ఆ పుస్తకం చూసి, మేము పొలానికి పెట్టిన పెట్టుబడిలో కౌలుదే పెద్ద వాటా అని మాకు చూపించింది. ఈ ఏడాది ఆసామితో కౌలు మాట్లాడటానికి మా వారు ఆ పుస్తకాన్ని వెంట తీసుకువెళ్లారు.