భుజంలో బైసెప్స్ టెండన్: కోయడమా, బిగించడమా?

"టెండన్ కోసేస్తే చెయ్యి పడిపోతుందంట కదా డాక్టర్ గారూ!"

ఒంగోలులో నా ఓపీకి వచ్చేవాళ్లను ఎక్కువగా పట్టి పీడించే భయం ఇదే. చెయ్యి పడిపోదు. దండ ముందువైపు ఉండే బైసెప్స్ కండకు పైన రెండు టెండన్లు, అంటే కండను ఎముకకు కట్టి ఉంచే తాళ్లలాంటివి, ఉంటాయి. కీలు లోపల్నుంచి వచ్చే పొడవాటిదే వాచి, చీలి బాధపెడుతుంది. దాన్ని కోసినా పొట్టిది ఎముకను పట్టుకునే ఉంటుంది. పైగా మోచేయి మడవడంలో పెద్ద పని బైసెప్స్ కింద ఉండే బ్రాకియాలిస్ కండది. కొందరికి తోడుతున్న చేద చేతిలో ఉండగానే ఈ టెండన్ 'టప్'మని దానంతటదే తెగిపోతుంది. నల్లగా కమిలి, నాలుగు రోజులు పోయాక పాత నొప్పి తగ్గిపోతుంది కూడా.

నష్టం లేదనను. అరచేతిని పైకి తిప్పే బలం కొంత తగ్గుతుంది, కండ జారి మోచేతి పైన ముద్దలా కనిపించొచ్చు, పని చేస్తే పట్టేసినట్టు ఉండొచ్చు. రోజంతా స్క్రూడ్రైవర్ తిప్పే ఎలక్ట్రీషియన్‌కు, చీమకుర్తి క్వారీలో బరువులెత్తే కుర్రాడికి అది తెలుస్తుంది. డెబ్బై ఏళ్ల అవ్వకు చాలాసార్లు తెలియనే తెలియదు.

"టెండన్‌ని ఎముకకు స్క్రూ వేసి బిగిస్తేనే మంచి ఆపరేషన్, కోసి వదిలేయడం డబ్బుల్లేనివాళ్లకి."

ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. నొప్పి తగ్గించడంలో రెండూ ఇంచుమించు సమానమే. బిగిస్తే కండ ఆకారం నిలుస్తుంది. కానీ టెండన్ ఎముకకు అతుక్కునేదాకా, సుమారు 6 వారాలు, ఆ చేత్తో బిందె ఎత్తకూడదు, బిగుసుకున్న మూత తిప్పకూడదు. బరువు పనులకు 3 నెలలైనా ఆగాలి. పంట మధ్యలో రొయ్యల చెరువు మీద ఒంటరిగా ఉన్న రైతుకు ఇది చిన్న విషయం కాదు. అందుకే స్కాన్ చూసేముందు ఏం పని చేస్తారని అడుగుతాను.

"ఎంఆర్ఐలో చీలిక ఉంది, ఇక ఆపరేషన్ తప్పదు."

నొప్పి లేనివాళ్ల స్కాన్‌లోనూ వయసు అరుగుదల కనిపిస్తుంది. ముందు ఫిజియోథెరపీ, మందులు, అవసరమైతే టెండన్ చుట్టూ ఉన్న తొడుగులోకి ఇంజెక్షన్. నెలల తరబడి ఇవన్నీ చేశాక కూడా రాత్రిళ్లు నిద్ర పట్టకపోతే అప్పుడు ఆపరేషన్ మాట.

"టెండన్ కీలు లోపల ఊడినచోటే కుట్టేస్తే పోతుందిగా?"

పాతికేళ్ల బౌలర్‌కైతే ఆలోచిస్తాం. నలభై దాటాక అలా కుడితే భుజం బిగుసుకుపోయే అవకాశం ఎక్కువ.

ఇంకోటి. ఈ టెండన్ ఒక్కటే పాడవడం తక్కువ, చాలామందిలో పక్కనే రొటేటర్ కఫ్ (భుజం కీలును చుట్టి పట్టుకునే టెండన్ల గుంపు) కూడా చీలి ఉంటుంది. కఫ్ కుడితే ఎలాగూ వారాల తరబడి చెయ్యి మెడకు వేలాడదీసే స్లింగ్ వేసుకోవాల్సిందే. కోసి వదిలేస్తే త్వరగా పనికి వెళ్లొచ్చనే లాభం అప్పుడు పెద్దగా మిగలదు. కాబట్టి "కఫ్ కూడా కుడతారా?" అని మీ డాక్టర్‌ని తప్పకుండా అడిగి, ఆ తర్వాతే కోయడమా, బిగించడమా అన్నది తేల్చుకోండి.