పిప్పిపన్ను ఉన్నట్టుండి ఎందుకు ఊరుకుంటుంది?

పగలంతా ఆడుకున్న పిల్ల రాత్రి పక్క మీద వాలగానే చెంప పట్టుకుని ఏడుస్తుంది. కారణం పంటి నిర్మాణంలోనే ఉంది. పైన గట్టి ఎనామిల్, దాని కింద డెంటిన్, నడుమ మెత్తటి దంతమజ్జ. నరాలు, రక్తనాళాలు ఉండేది ఆ మజ్జలోనే. ఒంట్లో మరోచోట వాపు వస్తే చుట్టూ ఉన్న కండ సాగి చోటిస్తుంది. పంటి లోపల ఆ వీలు లేదు. పుచ్చు మజ్జను తాకితే పెరిగిన ఒత్తిడంతా నరం మీదే పడుతుంది. పడుకుంటే తలకు రక్తం ఒత్తిడి పెరిగి పోటు ఇంకా ఎక్కువవుతుంది. పాలపళ్లలో ఈ పొరలు పలచన కాబట్టి పుచ్చు లోపలికి చేరడానికి ఎంతో కాలం పట్టదు.

బిడ్డ అలా ఏడుస్తుంటే ఇంట్లో ఉన్న మాత్ర కోసం చెయ్యి వెళ్లకుండా ఉంటుందా? పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ సరైన మోతాదులో వాడితే తెల్లవారేదాకా ఊరటనిస్తాయి. నా భయమంతా ఆ మోతాదు గురించే. పిల్లలకు పారాసెటమాల్ వయసును చూసి కాదు, బరువును బట్టి లెక్కిస్తారు: కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, మళ్లీ ఇవ్వాలంటే కనీసం 4 గంటల ఎడం. అంటే 20 కిలోల పిల్లకు ఒకసారికి 300 మిల్లీగ్రాములు మించకూడదు. పెద్దల మాత్ర ఒక్కటే 500. జలుబు సిరప్‌లో కూడా చాలాసార్లు ఇదే మందు ఉంటుంది. రెండూ ఇస్తే తెలియకుండానే మోతాదు రెట్టింపవుతుంది. మితిమీరితే దెబ్బతినేది కాలేయం. మొదటి రోజు పిల్ల మామూలుగానే కనబడవచ్చు, అందుకే ఇది మరీ మోసకరం.

ఆస్పిరిన్ మాత్రం పిల్లలకు సొంతంగా ఇవ్వకండి. వైరస్ జ్వరం ఉన్న పిల్లల్లో అది రైస్ సిండ్రోమ్ అనే అరుదైన, ప్రాణాంతకమైన జబ్బుకు దారితీయవచ్చు. మెదడు, కాలేయం రెండూ దెబ్బతింటాయి. ఆస్పిరిన్‌ను నలిపి పంటి పక్కన పెట్టడం మరో పొరపాటు. ఆ ఆమ్లానికి చిగురు కాలి తెల్లబడుతుంది. లవంగ నూనెలోని యూజినాల్ నరాన్ని కాసేపు మొద్దుబార్చడం నిజమే. కానీ చిక్కటి నూనె చిగురును కాలుస్తుంది, చిన్నపిల్లలు మింగితే కాలేయానికి ప్రమాదం.

ఇక యాంటీబయాటిక్. మిగిలిపోయిన నాలుగు మాత్రలు ఇచ్చేస్తే సరిపోతుందనుకుంటారు. అవి బాక్టీరియా మీద పనిచేస్తాయే తప్ప మజ్జ వాపు వల్ల వచ్చే నొప్పిని తగ్గించవు. పైగా చచ్చిపోయిన మజ్జకు రక్తమే అందదు, మందు ఎలా చేరుతుంది?

కౌమారంలో ఉన్నవారి కథ వేరు. వాళ్లకు మందు ఎవరూ ఇవ్వక్కర్లేదు. స్నేహితులు చెప్పిన మాత్ర తామే కొనుక్కుని, తిడతారనో, పన్ను పీకేస్తారనో ఇంట్లో చెప్పరు. "ఎన్ని వేసుకున్నావు?" అని కోపం లేకుండా అడిగే పెద్దవారు ఒక్కరైనా వాళ్లకు ఉండాలి.

ఒక్కోసారి కొన్ని రోజులకు నొప్పి దానంతటదే మాయమవుతుంది. మందు పనిచేసిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. చాలాసార్లు జరిగింది వేరు: మజ్జ చచ్చిపోయింది, నొప్పి కబురు మోసే నరం దానితోపాటే పోయింది. సూక్ష్మజీవులు మాత్రం పంటి వేరు చివర నుంచి ఎముకలోకి దిగుతూనే ఉంటాయి. పాలపన్ను కింద రూపుదిద్దుకుంటున్న శాశ్వత దంతం అక్కడే ఉంటుంది. చీము దాని ఎనామిల్‌ను చెడగొట్టగలదు. నొప్పి ఆగినా డాక్టరుకు చూపించమనేది ఇందుకే. ముఖం వాచినా, కంటి దగ్గర ఉబ్బినా, జ్వరం వచ్చినా, నోరు తెరుచుకోకపోయినా అదే రోజు వెళ్లాలి. మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైతే ఆ క్షణమే ఆసుపత్రికి పరుగెత్తాలి.

వెళ్లేటప్పుడు ఏ మందు, ఎంత, ఏ వేళకు ఇచ్చారో కాగితం మీద రాసి తీసుకెళ్లండి. తరువాతి మోతాదు ఎప్పుడు, ఎంత ఇవ్వాలో డాక్టరు దాన్ని బట్టే చెబుతారు.