మన సీటు మన చేతిలో ఉంటే

పక్క సీటులో ఎవరో ఫోన్ మాట్లాడుతుంటారు. మనకు ఏ సంబంధమూ లేని విషయమే. అయినా చెవి అటే పోతుంది. రాస్తున్న మెయిల్ మధ్యలో ఆగిపోయి, మళ్లీ మొదటి నుంచి చదువుకోవాల్సి వస్తుంది. తమకే ఏకాగ్రత లేదని చాలామంది నొచ్చుకుంటారు గానీ, మెదడు పనిచేసే తీరే అంత.

ఏసీ రొద కాసేపటికి అలవాటైపోతుంది. మాట అలా కాదు. అర్థమయ్యే మాట చెవిన పడితే, వద్దనుకున్నా మెదడు దాన్ని పట్టుకుంటుంది. రాసేటప్పుడూ లెక్కలు వేసుకునేటప్పుడూ మనం లోలోపల మాటలతోనే పని చేస్తాం కాబట్టి బయటి మాట దానికి అడ్డు తగులుతుంది. ఒకవైపే వినిపించే ఫోన్ సంభాషణ మరీ ఇబ్బంది. ఇద్దరి మాటలూ వినిపించినప్పటికన్నా ఒక్కరివే వినిపించినప్పుడు ఎక్కువగా ధ్యాస చెదురుతుందని 2010లో కార్నెల్ యూనివర్సిటీ పరిశోధకులు చూపించారు. అవతలివాళ్లు ఏమన్నారో తెలియక, తర్వాతి మాట ఏమై ఉంటుందా అని మెదడు ఊహిస్తూనే ఉంటుంది.

ఇంతకన్నా నన్ను కలవరపెట్టిన పరిశోధన ఇంకొకటి ఉంది. 2000లో గ్యారీ ఎవాన్స్, డానా జాన్సన్ 40 మంది మహిళా క్లర్కులలో కొందరిని నిశ్శబ్దంగా ఉన్న చోట, కొందరిని మధ్యలో గోడలు లేకుండా అందరూ ఒకే హాల్లో కూర్చునే ఓపెన్ ఆఫీసులో ఉండేలాంటి ఓ మోస్తరు చప్పుడులో మూడు గంటలు పని చేయించారు. టెన్షన్‌గా అనిపించిందా అని అడిగితే రెండు గుంపుల జవాబుల్లోనూ పెద్ద తేడా లేదు. మూత్ర పరీక్షలో మాత్రం చప్పుడులో కూర్చున్నవాళ్లకు ఒత్తిడి హార్మోన్ ఎపినెఫ్రిన్ ఎక్కువగా కనిపించింది. ఆ తర్వాత ఎవరూ విప్పలేని పజిల్స్ ఇస్తే, వాళ్లు తక్కువ ప్రయత్నాలకే వదిలేశారు. పని చేస్తున్నంతసేపూ కుర్చీలో సర్దుకుని కూర్చోవడం కూడా వాళ్లలో తక్కువే. అంటే మనిషి బాగానే ఉన్నానంటున్నాడు, ఒళ్లు మాత్రం మూల్యం చెల్లిస్తోంది. ‘ఎవరూ కంప్లైంట్ చేయలేదు కదా’ అనే మేనేజర్లు ఈ ఒక్క పరిశోధన గురించైనా తెలుసుకోవాలి.

గోడలు తీసేస్తే మనుషులు కలిసిపోతారన్నది ఓపెన్ ఆఫీసు వెనక ఉన్న ఆశ. హార్వర్డ్‌కు చెందిన ఈథన్ బెర్న్‌స్టీన్, స్టీఫెన్ టర్బన్ దీన్ని కొలిచి చూశారు. ఓపెన్ పద్ధతికి మారుతున్న రెండు పెద్ద కంపెనీల ఉద్యోగులకు సెన్సర్ బ్యాడ్జీలు తగిలించి, మార్పుకు ముందూ తర్వాతా ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో లెక్కగట్టారు. 2018లో వచ్చిన ఫలితాల ప్రకారం ముఖాముఖి మాటలు దాదాపు 70 శాతం పడిపోయాయి, ఈమెయిల్స్ పెరిగాయి. అందరూ చూస్తున్నారన్నప్పుడు మనిషి తన చుట్టూ తానే ఓ గోడ కట్టుకుంటాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకోవడం అందులో భాగమే.

ఏసీ సంగతీ ఇలాంటిదే. ఆఫీసు ఉష్ణోగ్రతను లెక్కగట్టే సూత్రాలు 1960లలో మగవాళ్ల శరీరాన్ని కొలతగా పెట్టుకుని తయారయ్యాయి. అవి ఆడవాళ్ల ఒంట్లో పుట్టే వేడిని 35 శాతం దాకా ఎక్కువ అంచనా వేస్తాయని 2015లో ఇద్దరు డచ్ పరిశోధకులు చెప్పారు. ఆఫీసులో శాలువా కప్పుకుని కూర్చునే ఆడవాళ్లను సుకుమారులని ఆటపట్టించడం ఇకనైనా మానాలి.

వీటన్నిటిలో నాకు కనిపించే అసలు సమస్య ఒకటే. చప్పుడు, చలి, వెలుతురు ఎలా ఉండాలో అక్కడ రోజంతా కూర్చునే మనిషి చేతిలో ఉండదు. 1968లో హెర్మన్ మిల్లర్ కంపెనీ కోసం రాబర్ట్ ప్రాప్‌స్ట్ తయారుచేసిన ఫర్నిచర్ ఉద్దేశం ఆ అదుపును ఉద్యోగికి ఇవ్వడమే. కావలసినట్టు జరుపుకునే అడ్డుపలకలు, వేర్వేరు ఎత్తుల్లో బల్లలు. కంపెనీలు ఆ పలకలనే తీసుకుని, ఎక్కువమందిని ఇరికించడానికి నలుచదరపు గళ్లుగా బిగించేశాయి. క్యూబికల్ అలా పుట్టింది.

అదుపు ఎంత పని చేస్తుందో 2010లో క్రెయిగ్ నైట్, అలెక్స్ హాస్లమ్ ప్రయోగం చెబుతుంది. కొందరికి బల్ల, కుర్చీ తప్ప ఏమీ లేని గది. కొందరికి మొక్కలు, బొమ్మలు అమర్చిన గది. వీళ్ల పని ఖాళీ గదివాళ్లకన్నా సుమారు 17 శాతం మెరుగు. మూడో గుంపుకు అవే మొక్కలు, బొమ్మలు ఇచ్చి నచ్చినట్టు సర్దుకోమన్నారు. వాళ్ల మెరుగుదల దాదాపు 32 శాతం. నాలుగో గుంపు కూడా ఇష్టంగానే సర్దుకుంది. అంతలో పరిశోధకుడు వచ్చి, వాళ్ల ముందే అన్నీ మార్చేశాడు. గదిలో మొక్కలూ బొమ్మలూ అలాగే ఉన్నాయి, కానీ వాళ్ల పని ఖాళీ గదివాళ్ల స్థాయికి జారిపోయింది.