స్టోన్‌హెంజ్: పంది పళ్ళు చెప్పిన సంగతి

చిరంజీవులు హర్షకు, కావ్యకు తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు కూడా క్షేమమని తలుస్తాను. (మా కాలంలో ఉత్తరం ఇలాగే మొదలయ్యేది. నవ్వుకుంటే నవ్వుకోండి.)

ఇంగ్లండులో వేల ఏళ్ళ నాటి రాతి వలయం స్టోన్‌హెంజ్ చూసొచ్చి నేను పంపిన ఫొటోలు చూసి హర్ష ఫోన్‌లో అడిగాడు: “అది కట్టినవాళ్ళు ఏమీ రాసిపెట్టలేదంటున్నావు. మరి అన్ని వేల ఏళ్ళ కిందటి సంగతులు నీకెలా తెలుసు తాతయ్యా?” మంచి ప్రశ్న. ఫోన్‌లో తేలేది కాదు, అందుకే కాగితం తీశాను.

నిజమే, అక్కడ ఒక్క శాసనం లేదు. వాళ్ళకు లిపే లేదు. రాత లేనిచోట కథలు మొలుస్తాయి. మెర్లిన్ అనే మాంత్రికుడు ఆ రాళ్ళను ఐర్లండు నుంచి తెప్పించాడని మధ్యయుగంలో చెప్పుకున్నారు. 17వ శతాబ్దంలో ఇనిగో జోన్స్ అనే పేరుమోసిన వాస్తుశిల్పి, ఇంత లెక్కగా కట్టడం రోమన్లకు తప్ప ఎవరికి చేతనవుతుందన్నాడు. ఆ తర్వాత డ్రూయిడ్లనే పూజారుల వంతు వచ్చింది. ఆ డ్రూయిడ్ల ప్రస్తావన చరిత్రలో వినబడే కాలానికే ఈ రాళ్ళకు రెండువేల ఏళ్ళు దాటాయి. ఇక్కడి మోటు మనుషులకు ఇంత పని ఎక్కడ వస్తుందన్న చిన్నచూపే ఈ కథల్లో సగానికి మూలమని నా అభిప్రాయం.

ప్రయాణం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. లండన్ నుంచి నైరుతిగా దాదాపు 140 కిలోమీటర్లు, కారులో వెళ్ళాం. సాలిస్‌బరీ మైదానంలో గాలికి అడ్డే లేదు. రెండు స్వెట్టర్లు, మీద కోటు, మంకీ క్యాప్, ఇన్ని వేసుకున్నా చెవులు మొద్దుబారాయి. టికెట్లిచ్చే చోటు నుంచి రాళ్ళ దాకా సుమారు రెండు కిలోమీటర్లు, బస్సుంది. చుట్టూ పచ్చికలో గొర్రెలు మేస్తుంటాయి. రాళ్ళ మధ్యకు వెళ్ళనివ్వరు, కట్టిన తాడు వెంట చుట్టూ తిరిగి చూడాలి. ఒకప్పుడు వచ్చినవాళ్ళు జ్ఞాపకంగా ముక్కలు కొట్టుకుపోయేవారట. ఆ తాడును చూసి నాకేమీ కోపం రాలేదు.

ఇప్పుడు హర్ష ప్రశ్నకొద్దాం. మొదట అక్కడ రాళ్ళ గుడి లాంటిదేమీ లేదు. క్రీ.పూ. 3000 ప్రాంతంలో సుమారు 110 మీటర్ల వెడల్పున గుండ్రంగా ఒక కందకం తవ్వి, పక్కన మట్టికట్ట పోశారు. ఆ కాలం ఎలా తెలిసిందంటే, తవ్వడానికి వాడిన జింక కొమ్ములు కందకంలోనే దొరికాయి. ప్రాణమున్నంత కాలం ఏ జీవైనా గాలిలోని కార్బన్‌ను ఆహారం ద్వారా తీసుకుంటూ ఉంటుంది. చచ్చాక అందులో ఒక రకం కార్బన్ ఒక లెక్క ప్రకారం తరిగిపోతూ వస్తుంది. ఎంత మిగిలిందో కొలిస్తే కొమ్ము వయసు తెలుస్తుంది. ఇనుము లేని రోజులు కాబట్టి వాళ్ళకు గునపమైనా పలుగైనా ఆ కొమ్మే.

ఫొటోలో కనిపించే పెద్ద రాళ్ళు మరో ఐదువందల ఏళ్ళకు, క్రీ.పూ. 2500 ప్రాంతంలో నిలబెట్టారు. అప్పటికి ఈజిప్టులో పిరమిడ్లు లేస్తున్నాయి, సింధు లోయలో హరప్పా నగరాలు వెలుస్తున్నాయి. బయటి వలయంలో 30 నిలువు రాళ్ళు, వాటి మీద గుండ్రంగా అడ్డ రాళ్ళు ఉండేలా కట్టారు. లోపల గుర్రపు లాడం ఆకారంలో ఐదు రాతి గుమ్మాలు. ఒక్కో రాయి సగటున ఇరవై టన్నుల పైమాటే. అడ్డ రాయిని ఊరికే పైన పెట్టేయలేదు. నిలువు రాతి తల మీద కూసం, అడ్డ రాతి అడుగున దానికి సరిపడే గుంట చెక్కారు, వడ్రంగి తలుపు చట్రం బిగించినట్టు. అన్నిటికన్నా ఎత్తయిన రాయి జోడు పడిపోయి ఒంటరిగా ఉంది. దాని నెత్తిన ఆ కూసం బొడిపెలా ఇప్పటికీ కనబడుతుంది. నాకు ఆ చోటంతటిలో బాగా నచ్చింది అదే. కర్రపని బాగా తెలిసిన చేతులే రాతిని పట్టుకున్నాయని ఆ బొడిపె ఒక్కటే చెప్పేస్తుంది.

ఆ పెద్ద రాళ్ళను సార్సెన్లంటారు. అవి ఎక్కడివో తేలిన తీరు తమాషాగా ఉంటుంది. 1958లో పడిపోయిన రాళ్ళు కొన్ని తిరిగి నిలబెడుతూ, పగులు పట్టిన ఒక రాతికి రంధ్రాలు తొలిచి లోహపు కడ్డీలు బిగించారు. తొలిచినప్పుడు బయటికొచ్చిన, మీటరుకు పైగా పొడవున్న రాతి కడ్డీని ఆ పనిలో ఉన్న ఒకాయన దాచుకున్నాడు. అది ఆయనతోపాటు అమెరికా దాకా వెళ్ళింది. 2018లో, తొంభయ్యో పుట్టినరోజు దగ్గర పడుతుండగా, తిరిగి పంపించాడు. నిలబడ్డ రాళ్ళను కోసి పరీక్షించనివ్వరు కానీ ఈ ముక్కను పరీక్షించవచ్చు కదా! అందులోని రసాయనాల పాళ్ళను చుట్టుపక్కల ప్రాంతాల రాళ్ళతో పోలిస్తే, 25 కిలోమీటర్ల దూరంలోని వెస్ట్ వుడ్స్ అడవితో సరిపోయాయి. మిగతా రాళ్ళను కోయకుండా పైపైన కొలిస్తే చాలావాటి పాళ్ళు దీనిలాగే ఉన్నాయి కాబట్టి, మిగిలున్న 52 సార్సెన్లలో 50 అక్కడివేనని 2020లో ప్రకటించారు.

చిన్నవైన నీలిరాళ్ళు వేల్సులోని ప్రెసెలీ కొండల నుంచి వచ్చాయి, అంటే 200 కిలోమీటర్ల పైచిలుకు. మధ్యలో పడుకొని ఉన్న ఆరు టన్నుల ‘బలిపీఠం’ రాయి సంగతైతే ఇంకా విడ్డూరం. దాన్ని కూడా వేల్సుదేనని వందేళ్ళుగా అనుకున్నారు. అందులోని సన్నటి ఖనిజ రేణువుల వయసు కట్టి చూస్తే అది స్కాట్లండు ఈశాన్యపు కొసదని, కనీసం 750 కిలోమీటర్ల అవతలిదని 2024లో తేలింది. చక్రం వాడినట్టు ఆధారం లేని కాలంలో దాన్ని ఎలా తెచ్చారో ఎవరికి తోచింది వాళ్ళు చెబుతున్నారు.

ఇక సూర్యుడు. ఈ కట్టడానికి ఈశాన్యం నుంచి నైరుతికి ఒక నడిగీత ఉంది. జూన్‌లో పగలు బాగా పొడవైన రోజున సూర్యుడు ఈ గీత ఈశాన్యపు కొసన ఉదయిస్తాడు. డిసెంబరులో పగలు అతి చిన్నదైన రోజున సరిగ్గా ఎదురు కొసన అస్తమిస్తాడు. గీత ఒక్కటే, కాబట్టి కట్టినవాళ్ళ మనసులో ఏది ఉందో గీతను చూసి తేల్చలేం. ఇప్పటి జనం ఎక్కువగా జూన్ తెల్లవారుజామున వేలాదిగా వస్తారు. నేనైతే డిసెంబరు పక్షం, ఎందుకో చెబుతాను.

నది వైపు నుంచి వచ్చే పాత ఊరేగింపు దారి రాళ్ళను ఈశాన్యం నుంచే చేరుతుంది. ఆ దారిన నడిచేవాడి ముఖం నైరుతికి, అంటే చలికాలపు అస్తమయానికి ఉంటుంది. అన్నిటికన్నా ఎత్తయిన గుమ్మాన్ని కూడా ఆ కొసనే పెట్టారు. ఇదంతా యాదృచ్ఛికమనుకుందాం. మూడు కిలోమీటర్ల దూరంలో డరింగ్టన్ వాల్స్ అనే చోట అదే కాలపు ఊరు ఒకటి తవ్వకాల్లో బయటపడింది. ఇళ్ళ నేలలు, పొయ్యిలు, వాటితోపాటు గుట్టలకొద్దీ పంది ఎముకలు. పందుల పళ్ళ ఎదుగుదల చూస్తే చాలావాటిని సుమారు తొమ్మిది నెలల వయసులో కోశారని తెలిసింది. పంది పిల్లలు పుట్టేది వసంతంలో. తొమ్మిది నెలలు కలిపితే నడిచలికాలం! పైగా ఎముకల్లోని రసాయనాల గుర్తులను బట్టి కొన్ని పందులు స్కాట్లండు అంత దూరం నుంచి కూడా వచ్చాయంటున్నారు. వేసవిలో ఎవరూ రాలేదని నేననను. కానీ విందుకు జనం కూడింది ముఖ్యంగా చలిలోనే అని ఆ పళ్ళు చెబుతున్నాయి.

చలిలోనే ఎందుకన్నది ఆ గాలిలో నిలబడితే సగం అర్థమైపోతుంది. మధ్యాహ్నం కూడా సూర్యుడు దిగంతం మీద సుమారు 15 డిగ్రీల ఎత్తుకు మించి ఎక్కడు. పగలు ఎనిమిది గంటలు ఉంటే గొప్ప, నాలుగింటికల్లా చీకటి. మన దగ్గర డిసెంబరులో కూడా పగలు పదకొండు గంటలు ఉంటుంది. సూర్యుడు దక్షిణానికి పోయి పోయి, ఆగి, మళ్ళీ తిరిగొస్తున్నాడన్న కబురు ఇక్కడివాళ్ళకు ఎంత అవసరమో చూడండి.

ఉత్తరాయణం సంక్రాంతికి కదా మొదలు అని కావ్య అడుగుతుంది, నాకు తెలుసు. సూర్యుడు నిజంగా వెనుదిరిగేది డిసెంబరు 21, 22 తేదీల్లోనే. మన సంక్రాంతి నక్షత్రాలను బట్టి లెక్క. భూమి ఇరుసు మెల్లగా దిశ మారుస్తుంటుంది కాబట్టి, దాదాపు 1700 ఏళ్ళ కిందట ఒక్కచోట ఉన్న ఆ రెండూ ఇప్పుడు మూడు వారాలకు పైగా విడిపోయాయి.

మేం వెళ్ళింది సరిగ్గా పగలు అతి చిన్నదైన ఆ రోజున కాదు, కొంచెం ముందు. అయినా నష్టం లేదు. ఆ రోజులకు అటూ ఇటూ వారం పాటు సూర్యుడు దాదాపు ఒకేచోట అస్తమిస్తాడు. మరి చూశారా అంటే, లేదు. ఇంగ్లండు మబ్బు, కదలనే లేదు. కాకి జాతి పిట్టలు రాళ్ళ సందుల్లోకి దూరిపోయాయి, చివరి బస్సు వచ్చింది, ఎక్కేశాం. కట్టినవాళ్ళు కూడా ఎన్నోసార్లు ఇలాగే మబ్బును తిట్టుకొని ఉంటారని నా ఊహ. దానికి ఏ పన్నూ సాక్ష్యం చెప్పదు.

మీకో పని చెబుతున్నాను. వారానికోసారి సాయంత్రం మేడ మీద ఒకేచోట నిలబడి, సూర్యుడు ఏ చెట్టు వెనక, ఏ ఇంటి మూల వెనక దిగాడో బొమ్మ గీసి తేదీ వేయండి. సూర్యుణ్ణి నేరుగా చూడొద్దు, దిగిపోయాక గుర్తు పెట్టుకుంటే చాలు. ఫిబ్రవరి చివరిదాకా చేయండి. మొదటి నెలలో గుర్తు ఎంత జరిగిందో, రెండో నెలలో ఎంత జరిగిందో నాకు రాయండి. రెండూ సమానమే అని చూడకుండా రాశారో, నాకు తెలిసిపోతుంది.

ఇట్లు,
మీ తాతయ్య